వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్ (చలనచిత్రం)

వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్ 1975 నవంబరులో విడుదలైన అమెరికన్ చిత్రం. కెన్ కేసీ 1962లో రాసిన ఇదే పేరుగల నవల దీనికి ఆధారం. జైలు చాకిరీ తప్పించుకోవడానికి పిచ్చి నటించి మానసిక వైద్యశాలకు చేరిన ఖైదీకీ, అక్కడి వార్డును తన చెప్పుచేతల్లో ఉంచుకున్న నర్సుకీ మధ్య పెనుగులాట ఇందులోని కథ. దర్శకుడు మిలోష్ ఫోర్మన్. జాక్ నికల్సన్, లూయీజ్ ఫ్లెచర్ ప్రధాన పాత్రధారులు. నిడివి 133 నిమిషాలు.

పేరు పిల్లల ఆటపాట ఒకదాని నుంచి వచ్చింది. అమెరికన్ వాడుకలో కుకూ అంటే మతి చలించినవాడు, కుకూ గూడు అంటే పిచ్చాసుపత్రి. తెలుగువారికి కోకిల పేరు చెప్పగానే తోచే వసంతానికీ ఈ పేరుకూ సంబంధం లేదు.

నేపథ్యం

కేసీ కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో మాజీ సైనికుల ఆసుపత్రి మానసిక వార్డులో రాత్రిపూట సహాయకుడిగా పనిచేశాడు. ఎల్‌ఎస్‌డీ వంటి మందులపై అక్కడ జరిగిన ప్రయోగాల్లోనూ పాల్గొన్నాడు. నవల ఆ అనుభవాల్లోంచి పుట్టింది. నటుడు కిర్క్ డగ్లస్ హక్కులు కొని, 1963లో బ్రాడ్‌వే నాటకంగా ప్రదర్శించి, నాయక పాత్ర తానే వేశాడు. సినిమాగా తీయడానికి మాత్రం ఏళ్ల తరబడి ఏ స్టూడియో ముందుకు రాలేదు. చివరికి ఆ పని కొడుకు మైఖేల్ డగ్లస్ చేతికి వచ్చింది. అతడు సాల్ జాంట్జ్‌తో కలిసి చిత్రాన్ని నిర్మించేనాటికి తండ్రికి ఆ పాత్ర వేసే వయసు దాటిపోయింది.

కథ

1963లో ఓరెగాన్ రాష్ట్రంలో కథ సాగుతుంది. ర్యాండల్ మెక్‌మర్ఫీ మైనరు బాలికతో సంబంధం పెట్టుకున్న నేరంపై శిక్ష అనుభవిస్తున్న జగడగొండి. వార్డులో పేకాట, పందాలతో రోగులను ఉత్సాహపరుస్తాడు. నర్సు రాచెడ్ గొంతు పెంచదు, చెయ్యెత్తదు. దినచర్య, మందుల వేళలు, అందరి ముందూ గాయాలను కెలికే బృంద చర్చలు ఆమె సాధనాలు.

బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ టీవీలో చూడాలని మెక్‌మర్ఫీ ఓటింగు కోరతాడు. 18 మందిలో 9 చేతులు లేస్తాయి. చెవిటి మూగవాడని అందరూ అనుకునే ఆదివాసీ చీఫ్ బ్రామ్డెన్ పదో చెయ్యి ఎత్తేసరికి, సమావేశం ముగిసిందని నర్సు తేల్చేస్తుంది. మెక్‌మర్ఫీ ఆరిపోయిన టీవీ ముందు కూర్చుని, లేని ఆటకు వ్యాఖ్యానం చెబుతూ అందరి చేతా కేకలు వేయిస్తాడు.

తన విడుదల తేదీ ఇక ఆసుపత్రి చేతిలో ఉందని అతడికి ఆలస్యంగా తెలుస్తుంది. చాలామంది రోగులు తమంతట తామే చేరినవారని, కావాలంటే వెళ్లిపోవచ్చని తెలిసినప్పుడు మరీ నివ్వెరపోతాడు. పారిపోవలసిన రాత్రి విందుచేసి అక్కడే నిద్రపోతాడు. ఆ రాత్రి ఓ అమ్మాయితో గడిపిన రోగి బిల్లీ బిబిట్‌ను, ఈ సంగతి తల్లికి చెబుతానని రాచెడ్ బెదిరించగా అతడు ప్రాణం తీసుకుంటాడు. మెక్‌మర్ఫీ ఆమె గొంతు నులుముతాడు. మెదడుకు లోబోటమీ శస్త్రచికిత్స చేసి అతణ్ని జీవచ్ఛవంగా తిరిగి పంపుతారు. చీఫ్ దిండుతో అతడికి ఊపిరాడకుండా చేసి, ఆ స్థితి నుంచి విముక్తి కలిగిస్తాడు. ఒకనాడు మెక్‌మర్ఫీ పందెం కట్టి కదల్చలేకపోయిన స్నానాల గది యంత్రాన్ని పెకలించి, కిటికీ బద్దలుకొట్టి చీకట్లోకి పరుగెడతాడు.

నిర్మాణం

ఓరెగాన్‌లోని సేలం పట్టణంలో, పనిచేస్తున్న ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనే చిత్రీకరణ జరిగింది. దాని అధిపతి డాక్టర్ డీన్ బ్రూక్స్ తెరపైనా వైద్యుడిగానే కనిపిస్తాడు. అక్కడి రోగులు కొందరు చిత్రబృందంతో పనిచేశారు. పేరున్న నటీమణులు పలువురు కాదన్నాక రాచెడ్ పాత్ర ఫ్లెచర్‌కు దక్కింది. చీఫ్‌గా నటించిన విల్ సాంప్సన్ మస్కోగీ తెగకు చెందిన చిత్రకారుడు, ఇదే అతడి తొలి చిత్రం. బిల్లీగా బ్రాడ్ డూరిఫ్, ఇతర రోగులుగా డానీ డివిటో, క్రిస్టఫర్ లాయిడ్ నటించారు. జాక్ నిట్చీ సంగీతంలో కమానుతో మోగించిన రంపపు నాదం ప్రత్యేకంగా వినిపిస్తుంది.

ఫోర్మన్ తల్లిదండ్రులు నాజీ శిబిరాల్లో చనిపోయారు. 1968లో సోవియట్ సేనలు చెకోస్లొవేకియాను ఆక్రమించాక అతడు అమెరికా చేరాడు. తన దేశంలో కమ్యూనిస్టు పార్టీయే తనకు నర్సు రాచెడ్ అని చెప్పుకున్నాడు. అందుకే కాబోలు, రాచెడ్‌ను రాక్షసిగా కాక, రోగుల మేలే చేస్తున్నానని మనసారా నమ్మే ఉద్యోగినిగా చూపించాడు.

ఆదరణ, పురస్కారాలు

50 లక్షల డాలర్ల లోపు ఖర్చుతో తీసిన చిత్రం అమెరికాలోనే 10 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. తొమ్మిది ఆస్కార్ నామినేషన్లలో ఐదు గెలిచింది: ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, అనుసరణ చిత్రానువాదం. ఈ ఐదూ ఒకే చిత్రానికి దక్కడం 1934 నాటి ‘ఇట్ హ్యాపెండ్ వన్ నైట్’ తర్వాత ఇదే తొలిసారి. వేదికపై ఫ్లెచర్, వినికిడి లేని తన తల్లిదండ్రులకు సైగల భాషలో కృతజ్ఞత చెప్పింది. 1993లో చిత్రం అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో చేరింది.

విమర్శ

నవలను చీఫ్ చెబుతాడు. సినిమా ఆ దృష్టికోణాన్ని వదిలేసింది. కేసీ దీనికి నొచ్చుకుని నిర్మాతలపై దావా వేశాడు, సినిమా చూడనన్నాడు. అధికారానికంతటికీ ఒక స్త్రీని ప్రతీకగా నిలిపి, తిరుగుబాటును మగతనంతో ముడిపెట్టారన్నది మరో ఆక్షేపణ. మత్తు ఇవ్వకుండా కరెంటు షాకు పెట్టే దృశ్యం, ఆ చికిత్స అంటేనే జనంలో భయాన్ని పెంచిందని మనోవైద్యులు అంటారు. నేడు దాన్ని మత్తు, కండరాలను సడలించే మందులు ఇచ్చి చేస్తారు.

ప్రభావం

ప్రియదర్శన్ 1986లో తీసిన మలయాళ చిత్రం ‘తాళవట్టం’ ఈ కథకు స్వేచ్ఛానుసరణ. దాన్నే ఆయన 2005లో ‘క్యోంకి’ పేరుతో హిందీలో తీశాడు. 2020లో నర్సు పూర్వకథగా ‘రాచెడ్’ అనే ధారావాహిక వచ్చింది. సేలం వైద్యశాల పాత భవనంలో కొంత భాగం ఇప్పుడు మానసిక ఆరోగ్య ప్రదర్శనశాల. అక్కడి చికిత్సల చరిత్రతో పాటు ఈ సినిమా జ్ఞాపకాలూ అందులో ఉన్నాయి.