విషాన్ని ఆరగించే సూక్ష్మజీవులు: మన పత్తి, మిరప చేల కథ

పర్చూరు వైపు నుంచి వచ్చిన ఒక కౌలు రైతు ఈ మధ్య నన్ను ఒక ప్రశ్న అడిగారు. "డాక్టరు గారూ, నలభై ఏళ్ళుగా మందులు కొట్టిన చేను మాది. నేలలోని విషాన్ని తినేసే సూక్ష్మజీవుల డబ్బా ఒకటి వచ్చిందంటున్నారు. కొనమంటారా?" అవునని గాని కాదని గాని ఒక్క ముక్కలో చెప్పి పంపలేకపోయాను. ఆ ప్రశ్న వెనుక అర్ధ శతాబ్దపు చరిత్ర ఉంది. ఆయనకు చెప్పినదాన్నే కొంత విస్తరించి మీకు మనవి చేస్తున్నాను.

నా వయసువారికి గమాక్సిన్ పొడి వాసన గుర్తుండే ఉంటుంది. చేలల్లో చల్లేవారు, దోమలకని ఇళ్ళ గోడలకు కొట్టేవారు, చీమలు పట్టకుండా ధాన్యపు బస్తాల చుట్టూ గీత గీసేవారు. అదే బి.హెచ్.సి. మైకేల్ ఫారడే 1825లోనే ఈ పదార్థాన్ని తయారుచేశాడు. ఇది పురుగులను చంపుతుందని లోకానికి తెలిసింది మాత్రం 1940ల ఆరంభంలో. మన దేశంలో 1952లో కలకత్తా సమీపాన రిష్రాలో దీని తయారీ మొదలయింది. నిజానికి ఆ పొడిలో పురుగును చంపే గామా రూపం నూటికి 10–15 పాళ్ళే. మిగిలినది ఆల్ఫా, బీటా తదితర రూపాలు. వాటితో ప్రయోజనం లేకపోయినా, చల్లిన చోటల్లా అవీ చేరాయి. బీటా రూపం అన్నిటికంటె మొండిది. అది నేలలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది, ఆహారం ద్వారా మన శరీరంలోని కొవ్వులో చేరి అక్కడే కూర్చుంటుంది. రైతును నిందించే హక్కు మా వైద్యులకు లేదు. అదే గామా రూపాన్ని గజ్జికి, పేలకు పూతమందుగా నేనే వందలమందికి రాసిచ్చాను. అప్పటి పుస్తకాలు అలాగే చెప్పాయి. బి.హెచ్.సి.పై నిషేధం 1997లో వచ్చింది. శుద్ధి చేసిన గామా రూపమైన లిండేన్ వాడకానికి 2013లో గాని తెరపడలేదు.

నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీళ్ళు వదిలిన తరువాత పల్నాడు, ఒంగోలు వైపు మెట్ట భూముల రూపు మారింది. నల్లరేగడిలో పత్తి బంగారమయింది. 1980 ప్రాంతంలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చి మొదట అద్భుతంగా పనిచేశాయి. ఆ దశాబ్దం మధ్యలో తెల్లదోమ విజృంభించింది. 1987లో శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగడం మానేసింది. రైతులు మందు మీద మందు కలిపి కొట్టారు. అప్పులు పెరిగాయి, కాయ దక్కలేదు. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు దేశానికంతా తెలిశాయి. పల్లెల్లో "ఎండ్రిన్ తాగాడు" అన్న మాట ఏ మందు తాగినా అనే నానుడిగా మారిపోయింది.

ఆ రోజుల్లో పత్తి కాలం వచ్చిందంటే ప్రభుత్వాసుపత్రి అత్యవసర విభాగంలో మాకు నిద్ర ఉండేది కాదు. కంటిపాప సూదిమొనంతయి, నోట నురగ కారుతూ, ఒళ్ళంతా చెమటతో, కండరాలు అదురుతూ మనిషిని మోసుకొచ్చేవారు. తాగినవారే కాదు, ఎదురుగాలిలో పిచికారీ చేసి పడిపోయినవారూ ఉండేవారు. ఆర్గానోఫాస్ఫేట్ మందులు మన నాడులలోని ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పట్టి బంధిస్తాయి. మేము అట్రోపిన్ ఎక్కిస్తూ, పి.ఎ.ఎం. ఇస్తూ, ఊపిరి నిలబెట్టుకుంటూ తెల్లవార్చేవాళ్ళం. ఆ విషాన్ని శరీరంలోనే విరగగొట్టే సాధనం మా చేతిలో ఉండేది కాదు. అలాంటి సాధనం నేలలోని ఒక సూక్ష్మజీవికి ఉందని తరువాత చదివి తెలుసుకున్నాను.

ఆ సంగతి బయటపడినది ఒక వైఫల్యం నుంచి. 1970ల ఆరంభంలో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో సుడిదోమను చంపడానికి డయాజినాన్ వాడేవారు. ఒకే మడిలో పదేపదే వేసేసరికి ఆ మందు పనిచేయడం మానేసింది. దోమ మొండిదయిందని అనుకోవడం సహజం. అయితే మన దేశ శాస్త్రవేత్త ఎన్. సేతునాథన్ మడి నీటిని పరీక్షించారు. దోమను చేరకముందే మందు మాయమవుతున్నది! దానిని తినడానికి అలవాటుపడిన బాక్టీరియా ఆ నీటిలో పెరిగింది. యోషిదాతో కలిసి ఆయన వేరుచేసిన ఆ ఫ్లేవోబాక్టీరియం వివరాలు 1973లో వెలువడ్డాయి. సేతునాథన్ ఆ తరువాత కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో చాలాకాలం ఇదే పని కొనసాగించారు.

ఇక్కడ కొంచెం ఆగాలి. పారథియాన్‌ను 1944లో తయారుచేసిన జర్మన్ రసాయన శాస్త్రవేత్త గెర్‌హార్డ్ ష్రాడర్, అంతకు ముందే టాబున్ అనే యుద్ధవిషాన్ని కనిపెట్టినవాడు. అంటే లోకంలో 1930లకు ముందు లేని విషాలివి. అలాంటివాటిని విరిచే ఎంజైము బాక్టీరియాకు ఎక్కడిది? దాని జన్యువు పేరు ఓ.పి.డి. ఫిలిప్పీన్స్ బాక్టీరియాలోనూ, అమెరికాలో దొరికిన సూడోమోనాస్ డిమిన్యుటాలోనూ ఆ జన్యువు ఒకటే. అది ఉన్న ప్లాస్మిడ్‌లు మాత్రం వేరువేరు. మొదట అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనూ, తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ పనిచేసిన ఆచార్య దయానంద సిద్దవట్టం బృందం, ఈ జన్యువు చుట్టూ గంతులేసే జన్యుభాగాల వంటి అమరిక ఉందని 2003లో చూపింది. ఒక జీవి నుంచి మరొక జీవికి ఈ విద్య పాకి ఉంటుందన్నమాట. తెలుగు నేలపై జరిగిన ఈ పనిని మన పత్రికలు పెద్దగా పట్టించుకోలేదని నాకు బాధ.

అయితే తినడం వేరు, జీర్ణించుకోవడం వేరు. ఆ ఫ్లేవోబాక్టీరియం పారథియాన్‌ను రెండు ముక్కలు చేస్తుంది కాని, అందులోంచి వచ్చే పారానైట్రోఫినాల్‌ను వదిలేస్తుంది. అదీ విషమే. దానిని తినడానికి వేరే జీవులు కావాలి. బి.హెచ్.సి. జోలికి ఈ ఎంజైము అసలే పోదు. దానికి వేరొకటి ఉంది. చెరకు వేళ్ళ చుట్టూ ఉన్న మట్టి నుంచి సేతునాథన్ బృందం వేరుచేసి 1990లో ప్రకటించిన బాక్టీరియాకు ఇప్పటి పేరు స్ఫింగోబియం ఇండికం బి90ఎ. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్య రూప్‌లాల్ బృందం దీనిని ఏళ్ళ తరబడి పరిశీలించి, లక్నో దగ్గర ఉమ్మరి గ్రామంలోని వ్యర్థాల మట్టినీ అధ్యయనం చేసింది. ఈ జీవి ఆల్ఫా, గామా రూపాలను చురుకుగా విరుస్తుంది. మొండిదైన బీటా దగ్గర దీని నడకా మందగిస్తుంది.

ఇక మన నల్లరేగడి సంగతి. తడి, గాలి, తగిన వేడి ఉంటేనే బాక్టీరియా పనిచేస్తుంది. మన మెట్ట నేల వేసవిలో నెర్రెలు విచ్చి ఎండుతుంది. పైగా రేగడి బంకమట్టి మందు అణువులను గట్టిగా పట్టుకుంటుంది, అలా పట్టుబడినదానిని బాక్టీరియా సులభంగా అందుకోలేదు. బయటి నుంచి తెచ్చి పోసిన జీవికి అక్కడ ముందునుంచీ కాపురమున్న జీవులతో పోటీ తప్పదు. చాలాసార్లు అది కొద్ది వారాలలో చచ్చిపోతుంది. ఆస్ట్రేలియాలో సి.ఎస్.ఐ.ఆర్.ఒ. శాస్త్రవేత్తలు అందుకే జీవిని వదిలి ఎంజైమునే తీసుకుని, పత్తి చేల నుంచి వచ్చే నీటిని శుద్ధి చేసి చూశారు. నీటిలో ఆ పని తేలిక, మట్టిలో కష్టం.

కాబట్టి ఆ రైతుకు నేను చెప్పినది ఇది. "డబ్బా మీద ఏ జీవి పేరుందో, అది ఏ మందును తింటుందో రాసి ఉందేమో చూడండి. 'అన్ని విషాలనూ తింటుంది' అని రాసి ఉంటే కొనకండి. ఆ డబ్బుతో పశువుల ఎరువు తోలించండి, ఒక ఏడాది జనుమో పిల్లిపెసరో వేసి దున్నండి. మీ నేలలో ఇప్పటికే ఉన్న జీవులకు అది మేత. అవి చాలా మందులను నెమ్మదిగా విరుస్తాయి. మట్టిలో ఏముందో తెలుసుకోవాలనుకుంటే అవశేషాల పరీక్ష చేసే ప్రయోగశాలకు పంపించండి."

ఆయన కాసేపు ఆలోచించి, "మరి మా ఒంట్లో ఉన్నదాన్ని తినే జీవి లేదా?" అన్నారు. లేదని చెప్పాను. ఆయన రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్షకు చీటీ రాసిచ్చి, మందు కొట్టిన నాటి బట్టలను ఇంటివాళ్ళ బట్టలతో కలిపి ఉతకవద్దని, ఖాళీ డబ్బాలలో తాగే నీళ్ళు పట్టవద్దని చెప్పాను. రెండో మాటకు ఆయన తలదించుకున్నారు. మిరప కల్లంలో కూలీలకు నీళ్ళు ఆ డబ్బాలోనే తీసుకెళ్తున్నారట. ఆ సాయంత్రమే వాటిని గునపంతో పొడిచి పనికిరాకుండా చేస్తానని మాటిచ్చి వెళ్ళారు.