నూలుమిల్లు మేడయిండ్లైన చరిత్రము

మగ్గమే జీవనాధారముగా గల మనవారికి మాంచెష్టరు పేరు క్రొత్తది కాదు. ఆ నగరమందలి యాంకోట్సు పేటలో, రాచ్‌డేల్ కాలువ యొడ్డున, స్కాట్లండునుండి వచ్చిన మరే సోదరులు 1798వ సంవత్సరమున ఆవిరియంత్రముతో నడచు నూలుమిల్లు కట్టించిరి. 1806 నాటికి అందు వేయిమందికి పైగా పనిచేయుచుండిరి. వారిలో బాలురును గలరు. మిల్లు నడిముంగిట కొలను త్రవ్వి, సొరంగముచే కాలువతో గలిపిరి. పడవలు నేరుగా లోనికి వచ్చుచుండెడివి.

సన్ననూలు వడకుట యీ మిల్లు ప్రత్యేకత. అట్టి యంత్రపు నూలు మన దేశమునకు దిగుమతి యైన పిదప మన స్త్రీల రాట్నములు మూలబడినవి. మగ్గములు మాత్ర మా నూలుతోనే కొంతకాలము బ్రదికినవి. ఇది మనవారు తరచుగా మరచు సంగతి.

ఇరువదవ శతాబ్దమున ఆ పరిశ్రమ క్షీణించెను. 1989లో పేట పరిరక్షిత ప్రాంతమయ్యెను. 2014లో నగరపాలక సంఘమును, అబూదాబి పెట్టుబడిదారులును కూడి యొక సంస్థ నేర్పరచిరి. అది యీ మిల్లును సంపన్నులకు దగు అపార్టుమెంట్లుగా మార్చెను. ప్రాత గోడలను కూల్చక నిలిపినందులకు వారిని మెచ్చుకొనవలయును.

కార్మిక కుటుంబములను అపార్టుమెంట్లే వెడలగొట్టెననుట సత్యము గాదు. వారిలో ననేకులు 1960 ప్రాంతమున పేదయిండ్ల కూల్చివేతలోనే తరలింపబడిరి. వారి సంతతివారు మరల వచ్చి యుండదగిన అద్దె మాత్ర మచట లేదు.

మన నేతవీధులలోను స్థలముల బేరములు సాగుచున్నవి గావున, ఈ వృత్తాంతమును సభవారికిని, పోషకులకును విన్నవించితిని.