రోళ్లపాడు బీడు, మా జేజినాయన మంద

మా జేజినాయన జీవాలు కాసిన మనిషి. మంద దొడ్డికి చేరినాక గొర్రె నోరు తెరిచి, చిగుళ్లలో దిగిన గడ్డిముళ్లు ఒక్కొక్కటే పీకేవాడు. ఒకసారి తోక ఉన్న ముల్లు నా అరచేతిలో పెట్టి ఉమ్మితో తడిపాడు. తోక మెలికలు విప్పుకుంటూ మెల్లగా తిరిగింది.

"చూసినావా? నేలలోకి ఇట్లే దిగుతాది. అగ్గి పైన పోతాది, గింజ కింద బతుకుతాది."

ఎండాకాలం బీడుకు నిప్పు పెట్టేది లేత చిగురు కోసమే. పొడుగు గడ్డిని మంద కొరికితే నేలకు ఎండ తగిలి పొట్టి మొక్కలూ లేస్తాయి. అయితే ఏటా అంటిస్తే మంటను తట్టుకునే గడ్డిదే రాజ్యం. మంద కదలకుంటే గొర్రె ముట్టని మొక్కలే మిగులుతాయి. కాపరికి తెలియాల్సింది ఎప్పుడు మేపాలన్నదే కాదు, ఎప్పుడు తోలుకుపోవాలన్నది కూడా.

1988లో అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడు దగ్గర 614 హెక్టార్లను బట్టమేక పక్షి కోసం అభయారణ్యం చేశారు. కంచె వేసి మందలను ఆపారు. కృష్ణజింకలు పెరిగి పక్క చేలమీద పడ్డాయి. మగ బట్టమేక ఆడదాని ముందు మెడ ఉబ్బించి ఆడాలంటే నాలుగువైపులా కనబడే పొట్టిగడ్డి నేల కావాలి. చుట్టూ బీళ్లు చేలయ్యాయి, పైర్లు మారాయి. తప్పంతా కంచెదేనని నేననను. గొర్రెను బీడుకు శత్రువన్న లెక్క మాత్రం తప్పే.

కొన్నేళ్లుగా రోళ్లపాడులో బట్టమేక జాడ లేదు.