క్రియాటినిన్ 1.2: కొడుక్కి మామూలే, అమ్మకు హెచ్చరిక

శంషాబాద్‌లో ఒక తల్లీ కొడుకూ ఒకే రోజు ఒకే ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించుకున్నారనుకుందాం. కొడుక్కి 35 ఏళ్లు, ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీ. అమ్మకు 65, షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఇద్దరికీ క్రియాటినిన్ 1.2 వచ్చింది. అంకె ఒకటే, అర్థం మాత్రం వేరు.

ఈజీఎఫ్ఆర్ అంటే?

కిడ్నీలు రక్తాన్ని ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంచనా ఇది. క్రియాటినిన్, వయసు, ఆడా మగా అనే వివరాలతో కంప్యూటర్ లెక్కగడుతుంది. 2021 నాటి సీకేడీ-ఎపీ ఫార్ములా ప్రకారం కొడుక్కి సుమారు 81, అమ్మకు సుమారు 50 వస్తుంది. మూడు నెలలకు పైగా 60 కన్నా తక్కువే ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు.

గుండెకు ఏం సంబంధం?

కిడ్నీ బలహీనపడితే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి. బీపీ పెరిగి గుండెపై భారం పడుతుంది. రక్తనాళాలు గట్టిపడతాయి. గుండె బలహీనపడితే కిడ్నీకి రక్తం తగ్గుతుంది. అందుకే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో డయాలసిస్ దాకా వెళ్లేవారి కన్నా ముందే గుండె జబ్బుతో పోయేవారే ఎక్కువ.

ఈ సంబంధాన్ని లక్షల మంది రికార్డులపై కంప్యూటర్లతో లెక్కగట్టారు. 2017లో బ్రిటన్‌లో వచ్చిన క్యూరిస్క్-3 లెక్కలో కిడ్నీ జబ్బుకు చోటుంది. భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాల వారికి విడిగా అంచనా కూడా ఉంది. 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రకటించిన ‘ప్రివెంట్’ లెక్క 60 లక్షలకు పైగా మంది వివరాలపై తయారైంది. గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యం ముప్పును చెప్పడానికి అది ఈజీఎఫ్ఆర్‌ను తప్పనిసరిగా అడుగుతుంది.

లెక్కకూ హద్దుంది

క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. బాగా బక్కచిక్కిన పెద్దవాళ్లలో కిడ్నీ ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపించవచ్చు. పైగా ఈ లెక్కలు పరాయి దేశాల రికార్డులపై కట్టినవి. మనకు సరిపడే లెక్క మన ఊళ్ల రికార్డుల నుంచే రావాలి. దానికి దారి మన పక్కనే ఉంది. 1987-90లో హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు పోషకాహారం ఇచ్చారు. ఆ పిల్లలను టీనేజీలో మళ్లీ పరీక్షిస్తే, ఆహారం అందని ఊళ్ల పిల్లలకన్నా వాళ్ల రక్తనాళాలు తక్కువ గట్టిపడినట్టు 2008లో తేలింది.

ఇంట్లో ఏం చేయాలి?

షుగర్ లేదా బీపీ ఉన్నవాళ్లు ఈసీజీతో సరిపెట్టుకోవద్దు. ఏడాదికోసారి ఈజీఎఫ్ఆర్‌తో పాటు మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష రాయమని డాక్టర్‌ను అడగండి. అది 30 దాటితే, ఈజీఎఫ్ఆర్ బాగున్నా తేలిగ్గా తీసుకోవద్దు. సలహా లేకుండా నొప్పి మాత్రలు మింగవద్దు. పాత రిపోర్టులు పారేయకండి. ఒక్క అంకె కన్నా ఏటేటా అది ఎటు పోతోందన్నదే డాక్టర్‌కు ఎక్కువ చెబుతుంది.