కట్టుమరము: ఓర్క్‌నీ దీవుల బాట

రెండు మూడు దుంగలను త్రాళ్లతో బిగించి మన జాలరులు కడలిమీదికి పోవుట మనము తరతరములుగా చూచుచున్నదే. దానిని మనము తెప్ప యందుము. తమిళులు కట్టుమరము అందురు. ఆంగ్ల నావికుడు విలియం డాంపియర్ 1697లో వెలువడిన తన యాత్రాగ్రంథమున ఆ తమిళపు మాటను పేర్కొనెను. తరువాత పసిఫిక్ దీవులవారి జంటదోనెలకు గూడ ఐరోపావారు ఆ పేరే పెట్టిరి. అట్లు పేరు ఒక తీరమునుండి, రూపు వేరొక తీరమునుండి వచ్చి కలిసినవి. ఆ పేరుగల కార్ల ఓడ స్కాట్లండునకు ఉత్తరమున నున్న ఓర్క్‌నీ దీవులకు బాటయైన కథను ఇపుడు ముచ్చటింతము.

ఓర్క్‌నీ 1468 వరకు నార్వే రాజుల యేలుబడిలో ఉండెను. రాకుమారి మార్గరెట్ వివాహ సందర్భమున, కట్నమునకు కుదువగా అది స్కాట్లండు చేతికి వచ్చినది. దీవులకును నేలకును నడుమ పెంట్‌లండ్ జలసంధి కలదు. లోకమున మిక్కిలి వడిగల పోటు ప్రవాహములలో అది యొకటి. దానిని దాటించు పడవను 1496లో యాన్ డి గ్రూట్ అను డచ్చివాడు నడిపెనందురు. జాన్ ఓ గ్రోట్స్ అను ఊరికి అతని పేరే వచ్చినది.

1939 అక్టోబరు 14న తెల్లవారకమునుపే జర్మను జలాంతర్గామి యొకటి ఓర్క్‌నీలోని స్కాపా ఫ్లో రేవున చొచ్చి, రాయల్ ఓక్ అను యుద్ధనౌకను ముంచెను. 800 మందికి పైగా మరణించిరి. అంతట నౌకాశాఖ మంత్రి చర్చిల్ దీవుల నడిమి సందులను మూయింప నాజ్ఞాపించెను. ఆ పనికి ఇటలీ ఖైదీలను వినియోగించిరి. ఖైదీలచేత యుద్ధపు పని చేయింపరాదని ఒడంబడిక యుండుటచే, ఈ కట్టలు దీవివాసుల రాకపోకలకని అధికారులు చెప్పిరి. 1945లో బాట తెరచినపుడు ఆ నెపమే నిజమైనది. దక్షిణపు కొసనున్న సౌత్ రోనాల్డ్సే దీవినుండి ముఖ్యపట్టణమైన కర్క్‌వాల్‌కు బండ్లు నడువసాగినవి.

ఇక మిగిలినది జలసంధి. దగ్గరిదారిని కార్ల ఓడ నడుపుటకు 1989లో జరిగిన యత్నము గాలివానలకు నిలువలేదు. 2001లో ఆండ్రూ బ్యాంక్స్ అను ఓర్క్‌నీవాసి, గిల్స్ బే నుండి సెయింట్ మార్గరెట్స్ హోప్‌కు పాత ఓడతోనే ఆ పని మరల మొదలిడెను. ఇచట హోప్ అనగా ప్రాచీన నార్వే భాషలో చిన్న అఖాతము. 2009లో ఫిలిప్పీన్సులో కట్టిన పెంటలీనా అను జంట ఓడ వచ్చినది. సన్నని రెండు పొట్టలు నీటిని సులువుగ చీల్చును. వానిపై పఱచిన వెడల్పు తట్టు కార్లకు, లారీలకు చోటిచ్చును. ప్రయాణము సుమారు ఒక గంట. 2019లో వియత్నాములో కట్టిన ఆల్ఫ్రెడ్ దానిని మించినది: 430 మంది జనము, 98 కార్లు అందు పట్టును.

అయినను సముద్రము లొంగిపోలేదు. 2022 జులైలో ఆల్ఫ్రెడ్ స్వోనా దీవి యొద్ద ఒడ్డు నంటెను. పలువురు గాయపడిరి, ప్రాణనష్టము మాత్రము లేదు. మరుసటి యేడు స్కాట్లండు పడమటి తీరమున ఓడలు చాలనపుడు, ప్రభుత్వమువారు ఆ ఓడనే అద్దెకు కోరిరి.

ఓడ నిలిచిననాడు దీవిలో పశువులు సంతకు పోవు, అంగడికి సరకు రాదు. కావుననే అచ్చటివారు తెల్లవారగనే గాలి యెటువైపు వీచుచున్నదో చూతురు. మన తీరపు జాలరియు తెప్పను నీటిలోనికి త్రోయకమునుపు చూచునది అదియే.