ఏడు వేల గిటార్‌కు తొమ్మిది వేల పికప్పులు

మొన్న దసరా సెలవుల్లో కరీంనగర్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక ఫోటోగ్రాఫర్ దగ్గర లైట్లు పట్టి తొమ్మిది వేలు జమ చేసుకున్నాడు. "మామా, గిటార్ పికప్స్ మార్చాల్నా, వద్దా? చెప్పు. మార్చమంటే ఇయ్యాల్నే ఆర్డర్ పెడ్త" అన్నాడు. వాడి ఎలక్ట్రిక్ గిటార్ ఖరీదు ఏడు వేలు.

నేను సంగీతం తెలిసినవాణ్ణి కాను. కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. అయితే వాడు నన్నే అడగడానికి కారణం ఉంది. పదేళ్ల కింద హైదరాబాద్‌లో నేనూ ఒక చవక గిటార్ కొన్నాను. ఏడాదిలో దానికి పికప్పులు మార్చాను, బిరడలు మార్చాను, బ్రిడ్జి మార్చాను. అసలు ఖరీదుకు రెట్టింపు అయ్యింది. ఆ తర్వాత వాయించడం మానేశాను. ఇప్పుడది సంచిలో, అల్మారా మీద ఉంది. మా మేనల్లుడికి మొదటి సగమే తెలుసు.

అందుకని వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులు ఆగమన్నాను. ఆ రెండు రోజులూ ఒకటే ఆలోచన: వాయిద్యంలో ఒక భాగాన్ని మార్చినవాళ్లు అసలు ఎందుకు మార్చారు?

*

మనకు దగ్గరగా ఉన్న పెద్ద ఉదాహరణ వీణ. ఇవాళ మనం చూసే వీణకు 24 మెట్లు. మైనంలో బొగ్గుపొడి కలిపి, దాని మీద కంచు మెట్లు నిలబెడతారు. ఈ 24 స్థిరమైన మెట్ల ఏర్పాటును 17వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో తంజావూరును ఏలిన రఘునాథ నాయకుడికీ, ఆయన మంత్రి గోవింద దీక్షితులకూ ఆపాదిస్తారు. తమిళదేశంలో రాజ్యం చేస్తూ తెలుగులో కావ్యాలు రాసిన రాజు ఆయన. అంతకుముందు రాగం మారితే మెట్లు జరుపుకోవాల్సిన వీణలుండేవి. అన్ని రాగాలూ ఒకే వీణ మీద, మెట్లు కదపకుండా వాయించాలన్నది అప్పటి అవసరం. దానికి జవాబుగా 24 మెట్లు వచ్చాయి.

గిటార్‌వాళ్లు ఫ్రెట్ అనేదాన్ని మనవాళ్లు ఎప్పటినుంచో మెట్టు అంటున్నారు. నాగర్‌కర్నూల్ వైపు దర్శనం మొగులయ్య వాయించే కిన్నెరకు పేరే పన్నెండు మెట్ల కిన్నెర. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించినప్పుడు చాలామంది ఆ వాయిద్యం పేరు మొదటిసారి విన్నారు. వాయిద్యాన్ని మెట్ల లెక్కతో పిలవడంలో ఒక న్యాయం ఉంది. కర్ర ఏమిటి, మెరుగు ఏమిటి అన్నది తర్వాతి సంగతి. ముందు తెలియాల్సింది దాని మీద ఎంత దూరం ఎక్కగలం అన్నదే.

*

ఇక ఎలక్ట్రిక్ గిటార్. దీని చరిత్రలో ముఖ్యుడైన లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసేవాడు. 1950లో తెచ్చిన గిటార్‌లో ఆయన రేడియో మెకానిక్ బుద్ధే కనిపిస్తుంది: మెడను జిగురుతో అతికించకుండా నాలుగు బోల్టులతో బిగించాడు. మెట్లు అరిగితే మెడ విప్పి కొత్తది బిగించుకోవచ్చు. ఆ గిటార్‌కే 1951లో టెలీకాస్టర్ అని పేరు పెట్టారు. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. మా వాడి ఏడు వేల గిటార్ ఆ స్ట్రాటోకాస్టర్‌కు ఎన్నో తరం నకలు. బోల్టులు మాత్రం అవే నాలుగు.

అంటే ఈ వాయిద్యం పుట్టడమే విప్పడానికి వీలుగా పుట్టింది. అయితే ఫెండర్ ఆలోచన రిపేరు. పాడైనదాన్ని తీసి బాగున్నది పెట్టడం. బాగున్నదాన్ని తీసి ఇంకా బాగున్నది పెట్టే వ్యాపారం తర్వాత వచ్చింది. 1972లో న్యూయార్క్‌లో లారీ డిమార్జియో, సూపర్ డిస్టార్షన్ అనే పికప్పును విడి భాగంగా అమ్మకానికి పెట్టాడు. ఎవరి గిటార్‌లోనైనా పాతది తీసి బిగించుకోవడానికే తయారైన తొలి పికప్పుగా దాన్ని చెప్పుకుంటారు. దాన్ని కొన్నవాళ్లకు ఒక నిజమైన అవసరం ఉంది. ఆంప్లిఫయర్‌ను ఇంకా గట్టిగా నెట్టాలి, శబ్దం చిరిగినట్టు వినపడాలి. గిటార్‌తో పాటు వచ్చిన పికప్పులకు అంత బలం లేదు.

ఆ తర్వాత యాభై ఏళ్లలో మారింది ఇదే. అప్పట్లో ప్రశ్న ముందు పుట్టి భాగం వెనక వచ్చేది. ఇప్పుడు భాగం ముందే ఫోన్ తెర మీదికి వచ్చి, ప్రశ్నను మనలో పుట్టిస్తోంది.

*

ప్రశ్న ముందు పుట్టినవాళ్ల కథలు రెండు చెప్తాను.

మొదటిది బ్రయాన్ మే. తర్వాతి రోజుల్లో క్వీన్ బృందంలో గిటారిస్టు. 1963లో కొత్త గిటార్ కొనే డబ్బు లేక, తండ్రితో కలిసి ఇంట్లోనే ఒకటి చేయడం మొదలుపెట్టాడు. మెడకు పాత నిప్పుగూడు చట్రం కర్ర. ట్రెమొలోకు మోటార్‌సైకిల్ ఇంజన్ వాల్వు స్ప్రింగులు. పికప్పులు కూడా మొదట తనే చుట్టాడు. వాయిస్తుంటే ఒక లోపం వినపడింది: తీగను పక్కకు లాగినప్పుడు శబ్దం వింతగా మారుతోంది. అయస్కాంత ధ్రువాల అమరిక వల్ల వచ్చిన చిక్కు అది. అప్పుడు వెళ్లి బర్న్స్ కంపెనీ పికప్పులు మూడు కొన్నాడు. మిగతాదంతా అలాగే ఉంచాడు. ఇప్పటికీ ఆ గిటారే వాయిస్తున్నాడు. ఆయన కొన్నవి ఫలానా శబ్దం చెడిపోతోందని చెవికి తెలిసిన తర్వాత కొన్నవి.

రెండో కథ మన పాలకొల్లుది. 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. తండ్రి క్లారినెట్ విద్వాంసుడు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను పిల్లవాడు ఆరేళ్లకే పట్టుకున్నాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్లు. 1983కల్లా బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు.

మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలు, మొత్తం ఎనిమిది. ఒక్కో జతలో రెండూ ఒకే శ్రుతిలో ఉంటాయి. పాశ్చాత్య సంగీతానికి అది బాగానే సరిపోతుంది. కర్ణాటక సంగీతంలో ఒక స్వరం తన చోటనే నిలబడి ఉండదు. ఊగుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. ఆ గమకం పలకాలంటే మెట్టు మీద తీగను లాగాలి. జత తీగలైతే రెండూ సరిసమానంగా లాగబడాలి. ఒకటి వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా శ్రుతి చెడుతుంది. శ్రీనివాస్ వాయించింది ఎలక్ట్రిక్ మాండలిన్. దానికి జతలు తీసేసి విడి తీగలు వేసుకున్నాడు, ఐదు. నాలుగైతే మంద్రంలో చోటు చాలదు. జతలు లేకపోతే నాదం పలచబడుతుంది, ఆ లోటును కరెంటు తీర్చింది. వేరే దేశపు వాయిద్యం మీద త్యాగరాజ కృతులేమిటని గొణిగినవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఆ ఐదు తీగలే జవాబు.

ఇక్కడ నన్ను ఆపిన సంగతి ఒకటుంది. ఆయన మార్పులో సగం తీసేయడమే. ఎనిమిది తీగలు ఐదయ్యాయి. మన భాషలో అప్‌గ్రేడ్ అంటే ఇంకేదో చేర్చడం. ఆయనది ఆ లెక్కలోకే రాదు.

తర్వాతి కాలంలో శ్రీనివాస్‌తో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ కూడా అదే గమకం కోసం అదే దారిలో నడిచాడు. 1970ల శక్తి బృందం కోసం గిబ్సన్ కంపెనీ చేసిచ్చిన ఆయన గిటార్‌లో మెట్ల మధ్య కర్రను గుంటలుగా తవ్వారు, తీగను లోతుగా నొక్కి లాగడానికి. అక్కడా కర్ర తీసేయడమే.

*

ఇదంతా తంజావూరు, పాలకొల్లు, కాలిఫోర్నియా. మా వైపు సంగతేమిటి? కరీంనగర్ నుంచి మంచిర్యాల దాటి పైకి పోతే ఆదిలాబాద్ గోండు గూడేలు వస్తాయి. అక్కడ కథలు మోసేవాళ్లు ప్రధాన్లు. గోండుల దేవతల, వంశాల కథలు గోండీలో పాడతారు. వాళ్లలో చాలామందికి ఇంటి భాష మరాఠీ. వాళ్ల చేతిలో ఉండేది కిక్రి, కమానుతో వాయించే మూడు తీగల వాయిద్యం. 1940ల్లో మార్లవాయిలో ఉంటూ గోండుల మీద పనిచేసిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, గోండుల జీవితంలో ఈ ప్రధాన్ల పాత్ర గురించి వివరంగా రాశాడు.

కొన్నేళ్ల కింద పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లాను. ఒక పెద్దాయన చెట్టు కింద కూర్చుని కిక్రి వాయిస్తున్నాడు. ఎక్కడ కొన్నారు పెద్దాయనా అని అడిగాను. ఆయన నవ్వి, "ఇది అమ్ముతరా బిడ్డా? చేసుకుంటం" అన్నాడు. అప్పుడది చమత్కారంగా తోచింది. ఇప్పుడు ఆలోచిస్తే వేరేగా అనిపిస్తోంది. ఆయన వాయిద్యంలో ఏది సరిగా లేకపోయినా ఎందుకు లేదో ఆయనకు తెలుసు. చేసింది తనే కనుక. ఏడు వేల గిటార్ వాయించే పిల్లవాడికి లేనిది ఆ తెలివిడే.

ఇందులో కిక్రి గొప్ప, గిటార్ తక్కువ అనేదేమీ లేదు. గిటార్ ఫోన్‌లో ఒక నొక్కు దూరంలో ఉంది. కిక్రి ఏ దుకాణంలోనూ దొరకదు, కథ నేర్చుకోకుండా దాన్ని నేర్చుకోవడంలో అర్థమూ లేదు. మా వాడు గిటార్ పట్టుకోవడంలో తప్పేం లేదు. చవక గిటార్‌లో లోపాలుండటం కూడా నిజమే. "ఉన్నదాంతో సర్దుకో" అని డబ్బున్న మామ చెప్పడం సులువు.

*

రెండో రోజు వీడియో కాల్ చేశాను. ఆఫీసులో ప్రోగ్రాం నెమ్మదిగా నడుస్తుంటే ముందు ఎక్కడ ఆగుతోందో కొలుస్తాం, తర్వాతే చేయి పెడతాం. అదే పద్ధతి. "ఏం నచ్చట్లేదురా?" అని అడిగాను. "శ్రుతి నిలుస్తలేదు మామా. సీ కార్డ్ పట్టుకుంటే ఏదో తేడా కొడ్తది."

పికప్పు అపస్వరాన్ని సరిచేయలేదు. మంచి పికప్పయితే అపస్వరం ఇంకా స్పష్టంగా వినపడుతుంది, అంతే. పన్నెండో మెట్టు తీగకు సరిగ్గా నడిమధ్య. అక్కడ నొక్కి చూడమన్నాను, శ్రుతి సరిగ్గానే ఉంది. మొదటి మెట్టు దగ్గర నొక్కమన్నాను, స్వరం పైకి పోతోంది. మూడో మెట్టు మీద నొక్కి పట్టి, మొదటి మెట్టుకూ తీగకూ మధ్య సందు చూడమన్నాను. కాగితమంత ఉండాల్సిన చోట ఏటీఎం కార్డు దూరేటంత ఉంది. దొంగ దొరికాడు: గిటార్ తల దగ్గర తీగలు ఆనే నట్ అనే పట్టీ. దాని గాళ్లు పైకి ఉన్నాయి. తీగను అంత కిందికి నొక్కాల్సి రావడంతో అది సాగి స్వరం పెరుగుతోంది. పైగా గాళ్లలో తీగ ఇరుక్కుంటోంది, అందుకే శ్రుతి నిలవడం లేదు. కొత్త నట్ కొన్ని వందల రూపాయలు. గాళ్లు మరీ ఎక్కువ అరగదీస్తే తీగ జరజరమంటుంది కనుక, చేయి తిరిగినవాళ్లతోనే చేయించమన్నాను. అప్పటిదాకా గాళ్లలో పెన్సిల్ పొడి రాసుకోమన్నాను.

నట్ మారింది. సీ కార్డ్ నిలబడింది. పికప్పుల మీద మనసు మాత్రం పోలేదు వాడికి. అప్పుడు నా గిటార్ కథలో రెండో సగం కూడా చెప్పాను. ఎందుకు మానేశానో కూడా. నేను మార్చిన ఏ భాగం గురించీ, అది లేకపోతే ఫలానా స్వరం పలకదని చెప్పగలిగేవాణ్ణి కాను. కొనడమే వాయించడంలా అనిపించింది కొన్నాళ్లు. కొనాల్సినవి అయిపోయాక చేతిలో పని లేకపోయింది.

"ఏ పాటలో, ఎక్కడ, ఏం తక్కువైందో రాసి పంపు. అప్పుడు చూద్దాం" అన్నాను.

వారం తర్వాత ఒక్క వాక్యం వచ్చింది. "మామా, పాట ఆగినంక కూడ గుయ్యిమని మోత వస్తంది, నెమ్మది పాటలల్ల పాడైతుంది."

ఇది అసలైన ప్రశ్న. ఒంటి చుట్ట పికప్పులు గాలిలో ఉన్న కరెంటు మోతను కూడా పట్టుకుంటాయి. 1955లో గిబ్సన్ ఇంజినీర్ సెత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి హంబకర్ చేసింది సరిగ్గా ఈ బాధకే. ముందు ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించమన్నాను. అది బాగానే ఉండి, మోత ఇంకా వస్తుంటే, ఆ తొమ్మిది వేలు ఖర్చుపెట్టడానికి వాడికి కారణం దొరికినట్టే. ఏది కొనాలో కూడా వాడికే తెలుస్తుంది.

నా గిటార్ అల్మారా మీంచి దింపాను. తీగలు తుప్పు పట్టాయి. ప్రస్తుతానికి అవి మాత్రం మారుస్తాను.