బక్కెట్టు పంపుతో పందెము

ఏటేటా ఏప్రిల్ 14వ తేదీన అగ్నిమాపక కేంద్రముల ముంగిట ఎఱ్ఱని బండ్లను కడిగి వరుస దీర్చి, విధినిర్వహణలో అసువులు బాసిన సహచరులకు నివాళి ఘటించి, ఆపైన 20వ తేదీ వఱకు భటులు బడులకును, ఆసుపత్రులకును, బజారులకును పోయి సిలిండరు పిన్ను ఎట్లు లాగవలెనో, వంటగ్యాసు మంటపై తడిగోనె ఎట్లు కప్పవలెనో చేసి చూపుచుందురు. నురుగు ఎగసినపుడు పిల్లలు కేరింతలు కొట్టుదురు, చప్పట్లు చఱచుదురు, గంట కొట్టగానే తరగతులకు పోవుదురు. వారిలో ఒక్కని చేతికైనను గొట్టము నిచ్చి, నీ జట్టును తోడ్కొని రమ్ము, ఎన్ని క్షణములలో నీరు కొట్టుదువో చూతము అని పందెము పెట్టినచో ఆ విద్య వాని చేతికి జన్మాంతము అంటియుండును. ఆ పందెము మనకు లేదు. యూరపు ఖండమున నున్నది. అయినను దాని మూలద్రవ్యమంతయు ఒకప్పుడు మన దేశమునందును ఉండినదే.

మన అగ్నిమాపక వారోత్సవమునకు మూలమైన యుదంతము బొంబాయిది. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాకునందు నిలిచియున్న ‘ఫోర్ట్ స్టికీన్’ అను ఓడలో, ఇంచుమించు 1,400 టన్నుల పేలుడు పదార్థములకు తోడుగా కరాచీలో ఎక్కించిన పత్తి బేళ్ళుండగా, మధ్యాహ్నము పొగ కనిపించినది. మందుగుండు గల ఓడలోనికి పత్తి నెక్కించిన వారి బుద్ధి నేమనవలెనో నాకు తోచదు. రెండు గంటలసేపు నీరు కుమ్మరించినను లోపలి నిప్పు లొంగక, సాయంకాలము 4 గంటల 6 నిమిషములకు ఓడ పేలిపోయినది. అర్ధగంట తిరుగకుండ రెండవ ప్రేలుడు సంభవించినది. గొట్టములు చేతబట్టి ఓడపైనను రేవుగట్టుపైనను నిలిచిన అగ్నిమాపక భటులలో 66 మంది ఆ దినమున ప్రాణములు గోల్పోయిరి.

అంతకు రెండేండ్ల క్రిందట, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినప్పటినుండి తెలుగువారికి ఏ.ఆర్.పి. (విమానదాడుల ముందుజాగ్రత్త) యను మూడక్షరములు సుపరిచితములైనవి. ఆ యుద్ధకాలమున దేశదేశముల పౌరులకు నేర్పిన విద్యలలో మిక్కిలి సులభమైనదియు, మిక్కిలి ఉపయుక్తమైనదియు స్టిరప్ పంపు విద్య. ఇత్తడి పంపును నీళ్ళ బక్కెట్టులో దించి, బక్కెట్టు వెలుపలికి వ్రేలాడు కాలిమెట్టును పాదముతో అదిమిపట్టి, సైకిలు చక్రమునకు గాలి కొట్టునట్లు ఒకడు పిడిని పైకిని క్రిందికిని ఆడించుచుండును; రెండవవాడు సన్నని గొట్టము కొస పట్టుకొని, పొగ పైకి లేచును గావున నేలకు కఱచుకొని ప్రాకుచు నిప్పును సమీపించును; మూడవవాడు బక్కెట్టు వట్టిపోకుండ నీరు మోయుచు, నిప్పురవ్వలు మఱెక్కడనైన పడినవేమో కనిపెట్టుచుండును. ముగ్గురు మనుష్యులు, రెండు బక్కెట్లు, ఒక పంపు: ఫైరింజను చొరలేని సందులో సైతము ఇంతటి సైన్యము సులభముగ దూరగలదు.

యుద్ధము ముగిసినది, పంపులు మూలబడినవి. 1946 డిసెంబరు 6న బొంబాయిలో హోంగార్డు దళము పుట్టినది. 1962 నాటి చైనా యుద్ధముతో దానికి కొత్త రూపు వచ్చినది. 1968లో పౌరరక్షణ చట్టము వెలసినది. 2009 సవరణతో ప్రకృతి వైపరీత్యములు కూడ దాని పరిధిలోనికి వచ్చినవి. స్కౌట్లకు నేటికిని ఫైర్‌మన్ బ్యాడ్జి యొకటి కలదు. చట్టములకును బ్యాడ్జీలకును మనకు కొదువ లేదు. సైరను మ్రోగినపుడు మేల్కొని, మ్రోత యాగగనే నిద్రించుట మన స్వచ్ఛంద సేవకు పరిపాటి యైనది. శాంతికాలమున దానిని మేల్కొలిపి యుంచునది ఏది యని ఆలోచించినచో, జర్మనీ, ఆస్ట్రియాల పల్లెటూళ్ళవారు అర్ధశతాబ్దమునకు పైగా చూపుచున్న దారి, పిల్లలకు పందెము పెట్టుట.

ఆ దేశముల పల్లెలలోను చిన్న పట్టణములలోను మంట లార్పువారిలో అత్యధికులు జీతము లేని స్వచ్ఛంద భటులే. కమ్మరి, వడ్రంగి, బడిపంతులు, రైతు, సైరను వినగానే పని విడిచి పరుగెత్తుదురు. వారి వారసులను తయారుచేయుటకే బాలదళములు. జర్మనీలో వానికి 1964లో జాతీయ సంఘ మేర్పడినది. 1900లో పారిసునందు పుట్టిన సి.టి.ఐ.ఎఫ్. అను అంతర్జాతీయ అగ్నిమాపక సంఘము ఈ బాలదళములకు అంతర్జాతీయ పోటీలు నడుపుచున్నది. 2017లో ఆస్ట్రియాలోని ఫిల్లాఖ్, 2019లో స్విట్జర్లాండులోని మార్టిన్యీ, కరోనా కారణమున ఒక యేడు వెనుకబడి 2022లో స్లొవేనియాలోని త్సెల్యె, 2024లో ఇటలీలోని బోర్గో వాల్సుగానా వానికి వేదికలైనవి.

జట్టునకు తొమ్మండుగురు, మఱియొకడు అదనము. వయస్సు 12 మొదలు 16 వఱకు. పోటీలు రెండు. మొదటిదానిలో నీటి కాలువ దూకి, అడ్డుకంచె దాటి, సొరంగమువంటి ఇరుకు దారిన ప్రాకి, సన్నని పలకపై పరుగెత్తుచు గొట్టపు వరుసను పఱచుకొని పోవలెను. ఆవల బక్కెట్టు పంపులు సిద్ధముగ నుండును. ఒకడు పంపు కొట్టగా వేఱొకడు ఎదుటి పలకలోని చిన్న రంధ్రమునకు గుఱిపెట్టి నీరు కొట్టవలెను. 5 లీటర్లు ఆ రంధ్రము దాటి లోపలి పాత్రలో నిండినగాని సంకేతము వెలువడదు. తక్కినవారు కొందఱు త్రాళ్ళకు చెప్పిన ముడి చెప్పినట్లు వేయుదురు, కొందఱు పరికరములను గుర్తించి వాని వాని తావులలో నుంచుదురు. రెండవది 400 మీటర్ల రిలే పరుగు. చేతినుండి చేతికి మాఱునది కఱ్ఱ గాదు, గొట్టము కొసకు బిగించు నాజిల్.

నన్ను మిక్కిలి ఆకర్షించినది వారి లెక్కింపు పద్ధతి. జట్టునకు ముందుగనే పాయింట్లిచ్చి, పట్టిన క్షణములను, చేసిన తప్పులను వానినుండి కోయుచు పోవుదురు. త్వరపడి తప్పుచేసినచో దక్కిన క్షణములకన్న కోల్పోయిన పాయింట్లే ఎక్కువ. పని నడుమ పిల్లలు మాటలాడినను కోతయే! మన వైపున ఏ యిల్లంటుకొన్నను మొట్టమొదట లేచునది కోలాహలము. పదిమంది పది ఆజ్ఞలిత్తురు, బక్కెట్లు ఎదురెదురుగ ఢీకొనును. నోరు కట్టుకొని చేయి నడపుట యే గ్రంథము చదివియు రాదు, అభ్యాసముననే వచ్చును. ఇంత శిక్షణ పొందినను ఆ బాలురను మంటలలోనికి పంపరు. పెద్దవారై దళమున చేరువఱకు వారిది పాఠమే. మన తల్లిదండ్రుల భయమునకు ఇది సమాధానము.

ఇక ఈ విద్య మిక్కిలి అవసరమైన తావు హైదరాబాదు పాతబస్తీ. 1591 నాటి చార్మినారు చుట్టును అల్లుకొన్న ఈ నగరమున అంగడి వెనుక కార్ఖానా, కార్ఖానా పైన కాపురము, కాపురమునకు ఒకటే మెట్లదారి, మెట్ల మొదట కరెంటు మీటర్లు. 2025 మే 7న ‘ఆపరేషన్ అభ్యాస్’ పేర దేశమంతట యుద్ధకాల విన్యాసములు జరిగినపుడు మన జంటనగరములలో ఎన్నుకొన్న నాలుగు తావులలో గోల్కొండయు, కంచన్‌బాగును ఉండినవి. సైరనులు మ్రోగినవి, స్ట్రెచర్లు పరుగెత్తినవి. సరిగా పదునొకండు దినములకు, మే 18 ఆదివారము ఉదయమున, చార్ కమాన్ నడుమనున్న గుల్జార్ హౌజ్ వద్ద ఒక ముత్యాల దుకాణముపై నివాసముండిన కుటుంబమున 17 మంది, అందు 8 మంది పసివారు, అగ్నిప్రమాదమునకు బలియైరి. ఫోను అందిన నిమిషములలోనే మొగల్‌పురా బండి చేరినది. కాని లోనికి పోవు దారి ఇఱుకు, మెట్లు మీటరు వెడల్పు, పొగకు మఱి వేఱు దారి లేదు. అప్పటికే ఇరుగుపొరుగు యువకులు, ఏ శిక్షణయు లేనివారు, షట్టరు పగులగొట్టి లోనికి చొరబడుటకు ప్రాణములకు తెగించి ప్రయత్నించిరి.

శిక్షణ పొందిన జట్టొకటి ఆ గల్లీలో నుండినచో ఆ కుటుంబము బ్రదికియుండెడిదని చెప్పుటకు నాకు గాని, మఱెవ్వరికి గాని అధికారము లేదు. కాని సాహసమునకు మన మొహల్లాలలో లోపము లేదని ఆ ఉదయమే ఋజువైనది, విద్యయే లోపించినది. ఆపద మిత్ర పథకము కింద 350 జిల్లాలలో లక్షమందికి తర్ఫీదు నిచ్చిరి. యువ ఆపద మిత్ర పేర ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్., స్కౌట్ల నుండి మఱి 2.37 లక్షల మందికి నేర్పుటకు సంకల్పించిరి. తర్ఫీదైన పిదప ధ్రువపత్రము పెట్టెలో పడకుండుటకు పందెముకన్న మేలైన యుపాయము లేదు.

కావున అగ్నిమాపక శాఖ వారికిని, పాతబస్తీ ప్రధానోపాధ్యాయులకును నాదొక విన్నపము. సిటీ కళాశాల చెంత కులీ కుతుబ్‌షా స్టేడియము కలదు. ఏప్రిల్ వారోత్సవము కలదు. బక్కెట్టు, పంపు, త్రాడు, రెండు గొట్టములకు మించి ఖర్చు లేదు. యూరపు నియమములనే మక్కికి మక్కి దింపనక్కఱలేదు. మన పందెమున గ్యాసు రెగ్యులేటరు కట్టివేయుట, మెయిన్ స్విచ్చి దించుట, మెట్లపై నేలకు వంగి ముసలివారిని దించుట చేర్చుడు. 101కు ఫోను చేసి, నంబరు పలకలు కానరాని సందులలోనికి, ఏ కమాను దాటి, ఏ దర్గా ప్రక్కన, ఏ దేవిడీ ఎదుట బండి నిలుపవలెనో అర నిమిషములో చెప్పుట కూడ ఒక పోటీగ నుంచుడు. మన వీథులలో దానికే ఎక్కువ పాయింట్లు ఈయవలెను. మొదటి యేడు నాలుగు బడులు వచ్చినను చాలును. రాబోవు ఏప్రిల్ 14 నాటికే మొదలుపెట్టుడు.